పంతొమ్మిదో దీపం

ఏడో లంక, వేడినీళ్ల గది దినచర్య. రాసేది: వీరవేణి.

జూన్ 21

తొట్టి వేడి ఉదయం అరవై రెండు డిగ్రీలు, సాయంత్రం అరవై. పంపు బాగానే ఉంది. నైరుతి గాలి. లంక రోజంతా ఊగింది.

ఈ పుస్తకంలో రాయాల్సింది ఇంతే. కానీ ఆరేళ్లుగా దీన్ని నేను తప్ప ఎవరూ తెరవలేదు. అందుకని ఇవాళ్టి నుంచి మిగతాది కూడా రాస్తాను. కడుపులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకే జబ్బు చేసేలా ఉంది.

నా ఎదురుగా గోడ మీద ఒక పలక ఉంది. దాని మీద నలభై రెండు చిన్న దీపాలు, ఇంటికొకటి. ఏ ఇంట్లో వేడినీళ్ల కుళాయి తిప్పితే ఆ ఇంటి దీపం వెలుగుతుంది. మనిషికి రోజుకి ఆరు నిమిషాలు. సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి, ఎండతో కాచి ఇవ్వాలంటే అంతకు మించి కుదరదు. ఆరు దాటితే వెళ్లి తలుపు కొట్టడం నా పని. అందుకే నన్ను చూస్తే లంకలో ఎవరికీ నవ్వు రాదు. సబ్బు నురగతోనే తలుపు సగం తీసి, "ఇదిగో, కట్టేత్తన్నామమ్మా" అని మొహం మీద వేసేస్తారు.

అదే సాయంత్రం ఐదున్నరకి నా తోడికోడలు హైమ గొట్టం పట్టుకుని బయల్దేరితే, అన్ని తలుపులూ ముందే తెరిచి ఉంటాయి.

హైమ గంజాయి తోట చూస్తుంది. పాత తీరం మునిగిపోయాక సముద్రం మీద తేలేలా కట్టిన ఊళ్లలో మాది ఏడోది. మట్టి మీద పుట్టిన మాకు, ఊగే నేల మీద కాపురం మొదట్లో నరకమైంది. పొద్దున లేస్తే వాంతులు. తిన్నది నిలవక ఇద్దరు ముసలివాళ్లు పోయారు కూడా. అప్పుడు ఒడ్డు నుంచి అనుమతి తెచ్చి గాజు గదిలో గంజాయి పెంచారు. అది పీల్చాక కడుపులు కుదుటపడ్డాయి, నిద్రలు పట్టాయి. హైమ అంటే నాకెంత మంటగా ఉన్నా ఇది మాత్రం అబద్ధమని రాయలేను.

లంక మీద నిప్పు నిషేధం కాబట్టి పొగ కాదు, ఆవిరి. ఒక మూర గొట్టం, అడుగున కరెంటుతో కాగే చిన్న గిన్నె. ఇచ్చేవాళ్లు ముందు తామొక దమ్ము లాగి, తర్వాత ఇంటివాళ్లకి అందించాలి. కొత్తలో భయపడేవాళ్లకి ధైర్యం చెప్పడానికి పెట్టుకున్న పద్ధతి ఇది. ఇప్పుడు మర్యాదై కూర్చుంది. హైమ లాగకుండా ఇస్తే అవమానం చేసినట్టే లెక్క.

నాకా ఆకు పడదు. ఒకే ఒక్కసారి పీల్చాను. గుండె దడదడలాడింది, లంకలో అందరూ నా గురించే గుసగుసలాడుతున్నారనిపించింది, మూడు గంటలు మంచం కింద దాక్కున్నాను. నా మొగుడు రాయుడు ఆ కథ ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంటాడు. అందుకని రోజూ సాయంత్రం లంకంతా మెత్తబడి, కాళ్లు చాపుకుని నవ్వుకుంటుంటే, నేనొక్కదాన్నే నిటారుగా కూర్చుని పలక చూస్తుంటాను.

రాయడానికి సిగ్గెందుకు? హైమంటే నాకు కుళ్లు.

జులై 2

ఉదయం పంతొమ్మిదో దీపం పద్నాలుగు నిమిషాలు వెలిగింది.

పంతొమ్మిది హైమ ఇల్లు. ఇరవై నాది. మధ్యలో గోడ ఒక్కటే. పెద్దకోడలిని నేనున్నా, మా అత్త సూరమ్మ కోరి మరీ హైమ దగ్గర ఉంటోంది. "దాని చేతి కూడు మెత్తగా ఉంటాదే" అంటుంది. నా చేతి కూడు ఏం రాళ్లో?

వెళ్లి తలుపు కొట్టాను. అత్తే తీసింది.

"ఏటే, పొద్దున్నే దొంగల్ని పట్టుకోడానికొచ్చావా?"

"పద్నాలుగు నిమిషాలైంది అత్తా. మీ ముగ్గురికీ కలిపి పద్దెనిమిదే."

"నా వంతు దానికిచ్చేశాను. నలభై ఇళ్లు తిరిగొచ్చే పిల్ల. ఒళ్లు నొప్పులుండవా? నువ్వు కూకున్నచోట కూకునే ఉంటావు, నీకేం తెలుత్తది?"

లోపలి నుంచి హైమ గొంతు వినిపించింది. "అక్కా, అయిపోయింది. ఇదిగో వచ్చేత్తన్నాను." ఆ గొంతులో వినయం చూస్తే నాకు మరీ ఒళ్లు మండింది. ఎదురు తిరిగితే పోట్లాడొచ్చు. అక్కా అని పిలిచేవాళ్లతో ఏం పోట్లాడతాం?

మూడు వారాలుగా గొలుసుల కాపలాకి సగం మంది రావడం మరిచిపోతున్నారు. లంకని కట్టి ఉంచే గొలుసులవి. దాని గురించి సభలో ఒకే తీర్మానాన్ని మూడుసార్లు చేశారు. మూడోసారి కూడా అందరూ కొత్తగా విన్నట్టే చేతులెత్తారు. నేను చెప్తే కామయ్య గారు నవ్వి, "మంచి తీర్మానమేగా వేణమ్మా, మూడుసార్లు చేస్తే మాత్రం ఏం పోయింది?" అన్నారు. ఆయన లంక పెద్ద. ఆయన సంతకం లేకుండా ఇక్కడ మేకు కూడా కొట్టరు.

జులై 9

పంతొమ్మిదో దీపం పొద్దున ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం గొట్టం పట్టుకుని బయల్దేరే ముందు ఇంకో పది.

రోజుకి మూడు స్నానాలు! మహారాణి గారు! లంకంతా తలకెత్తుకుంటే ఇంతేగా మరి. రాయుడితో అన్నాను.

"అది చేసే పనికి ఆ మాత్రం నీళ్లు వాడుకుంటే నీకెందుకే?" అన్నాడు. "హైమ అడుగు పెడితే ఇంట్లో ఏదో హాయిగా ఉంటాది."

"నేను అడుగు పెడితే?"

"నువ్వా? నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అన్నాడు, చాలా తెలివిగా తప్పించుకున్నాననుకుని.

తొట్టి వేడి ఎంత ఉందో ఇవాళ చూడలేదు. యాభై ఎనిమిదని రాసుకుంటున్నాను.

జులై 17

కారణం తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

పొద్దున గోడ అవతల హైమ వాంతి చేసుకుంటున్న చప్పుడు. నిన్నా విన్నాను, మొన్నా విన్నాను. ఇవాళ అత్త నా ఇంటికొచ్చింది. ఎన్నాళ్లకో వచ్చింది కదా అని పీట వేశాను. కూర్చోకుండానే, "మీ ఇంట్లో చింతపండు ఏమన్నా ఉందా?" అంది. కళ్లు మెరిసిపోతున్నాయి. "పొద్దున్నే వాంతులు. అన్నం వాసన పడటం లేదు. ఇంకా పైకి చెప్పకు, దిష్టి తగుల్తాది."

నా పెళ్లయి పదకొండేళ్లు. హైమది ఎనిమిదేళ్లు. ఇద్దరికీ పిల్లల్లేరు. అందం దానిది, మాట దానిది, అత్త దాని వైపు, ఊరు దాని వైపు. ఈ ఒక్క విషయంలోనే మేమిద్దరం సమానంగా ఉన్నాం. పండగలప్పుడు పిల్లల తల్లులంతా ఒకవైపు కూర్చుంటే, అది వచ్చి నా పక్కన కూర్చునేది. అప్పుడు మాత్రమే అది నాకు కొంచెం నచ్చేది.

చింతపండు ఇచ్చాను. డబ్బా అడుగున ఉన్న మంచిది దాచుకుని, పైన ఎండిపోయింది ఇచ్చాను. ఇంత నీచురాలినని నాకు ఇవాళే తెలిసింది.

జులై 25

పదిహేను రోజులకోసారి వచ్చే ఆసుపత్రి పడవ వచ్చింది. హైమ పరీక్ష చేయించుకుంది. గర్భం కాదు.

అత్త ఏడుస్తూ ఇంటికెళ్లిపోయింది. నేను ఓదార్పుగా ఏదో అన్నాను. తర్వాత ఇంటికొచ్చి, రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. చేపల పులుసు అంత రుచిగా ఎప్పుడూ లేదు. చెయ్యి కడుక్కుంటున్నప్పుడు గోడ అవతల హైమ మళ్లీ డోక్కుంటున్న చప్పుడు వినిపించింది. 

పడవలో డాక్టరు కొత్తగా వచ్చిన అమ్మాయి. పేరు మెహరున్నీసా. వానాకాలం కదా, సముద్రం పడక వచ్చిన వాంతులేనని అంతా చెప్పారట. ఆవిడ మాత్రలిచ్చింది. మాత్రలకి తగ్గకపోతే లంకలో అందరికీ తెలిసిన మందు ఉండనే ఉంది. వాంతికి గంజాయి. తగ్గకపోతే ఇంకో దమ్ము. ఇరవై ఏళ్లుగా మాకు తెలిసింది అదే.

జులై 31

ఇవాళ సముద్రం పళ్లెంలో నీళ్లలా కదలకుండా ఉంది. ఏడాదికి నాలుగైదు రోజులే ఇలా ఉంటుంది. గ్లాసులో నీళ్లు కూడా తొణకలేదు. ఇలాంటి రోజు లంకలో వాంతి చేసుకునేవాళ్లు ఉండరు. మధ్యాహ్నం అందరూ తీరిగ్గా నిద్రపోతారు, పలక మీద ఒక్క దీపమూ వెలగదు.

కానీ మూడు వెలిగాయి. పంతొమ్మిది, ముప్పై మూడు, నలభై. అలా నలభై నిమిషాల పాటు.

మామూలుగా అయితే నా కళ్లు పంతొమ్మిది మీదే ఉంటాయి. ఇవాళ మూడూ చూశాను. ముప్పై మూడుకి వెళ్లాను. వలలు బాగుచేసే అప్పలకొండ ఇల్లది. భార్య పోయాక ఒక్కడే ఉంటాడు. తలుపు తీసే ఉంది. మనిషి తొట్టిలో మెడ దాకా వేడినీళ్లలో కూర్చుని ఉన్నాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"కట్టేయమని అడక్కమ్మా" అన్నాడు. "బయటకొత్తే పేగులు మెలిపెట్టేత్తన్నాయి. ఈ వేడిలో ఉన్నంతసేపే పేణం నిలబడతాంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"చైత్రం నుంచి. హైమమ్మ మంచిది, అడిగినప్పుడల్లా ఇంకో రెండు దమ్ములు ఇత్తంది. పగలు తోటకెళ్లి కూడా తెచ్చుకుంటన్నాను. అయినా తగ్గటం లేదు."

నలభై కామయ్య గారిల్లు. ఆయన భార్య తలుపు దగ్గరే ఆపేసింది. "ఆయన లేరు" అంది. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

గదికి తిరిగొచ్చి కూర్చున్నాను. సముద్రం కదలని రోజున, లంకలో ఎక్కువగా పీల్చే ముగ్గురు మనుషులు వేడినీళ్లలో దాక్కున్నారు. వారానికోసారి, పండక్కోసారి పీల్చేవాళ్లలో ఒక్కరి దీపమూ లేదు. హైమ సంగతి ఆలోచించాను. ఇంటికో దమ్ము, మర్యాదకి. నా ఇల్లు, పీల్చని ఇంకో ఇల్లు వదిలేస్తే రోజుకి నలభై. అలా ఎనిమిదేళ్లు.

వాంతికి మందనుకుంటున్నదే వాంతి తెప్పిస్తోంది.

ఇది తోచగానే భయం వేయాలి కదా. నాకు ముందు సంతోషం వేసింది.

ఆగస్టు 3

నేనొక పెద్ద తప్పు చేశాను.

సాయంత్రం సభలో, గొట్టం తిరగకముందే లేచి నిలబడ్డాను. మూడు దీపాల సంగతి చెప్పాను. పేర్లు చెప్పలేదు, ఒక్క పేరు తప్ప. "హైమని అడగండి, రోజుకి ఎన్నిసార్లు నీళ్లు పోసుకుంటోందో. మీకు పంచిపెడుతున్న ఆకే దాన్ని తినేస్తోంది. మిమ్మల్నీ తినేస్తుంది" అన్నాను.

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "వేణమ్మకి ఆకు పడదు, ఆకిచ్చేదీ పడదు" అన్నారు. అందరూ నవ్వారు. పీల్చి నవ్వే నవ్వు కాదు, మామూలు నవ్వే. అది ఎక్కువ గుచ్చుకుంది.

కామయ్య గారు చెయ్యెత్తి ఆపారు. ఆయన చొక్కా కాలర్ దగ్గర మెడ ఎర్రగా కమిలి ఉంది. "తల్లీ, తోడికోడళ్ల గొడవలు ఇంట్లో చూసుకోండి" అన్నారు. నలభయ్యో దీపం మీదేనని అప్పుడే అందామనుకున్నాను.

ఈలోగా హైమ లేచింది. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. నేను తప్ప ఎవరూ చూసినట్టు లేరు. "అక్క నా మంచికే చెప్పింది. ఏమీ అనకండి" అంది. గొట్టం వేడెక్కించి, తానొక దమ్ము లాగి మొదటి ఇంటివాళ్లకి అందించింది. లంకంతా దాన్ని చూసి కరిగిపోయింది.

ఇంటికొచ్చి ఆలోచించాను. నేను చెప్పింది నిజమే. కానీ చెప్తున్నప్పుడు నా గొంతులో పండగ ఉంది. అది అందరికీ వినిపించింది. వాళ్లు నమ్మకపోవడం వాళ్ల తప్పు కాదు.

ఆగస్టు 8

పంతొమ్మిదో దీపం ఉదయం నుంచి ఆరలేదు.

తలుపు కొట్టకుండానే వెళ్లాను. అత్త మూల కూర్చుని ఉంది, తిట్టే ఓపిక కూడా లేదు. మా మరిది సోమేశు చేపల పడవ మీద వెళ్లి వారమైంది. హైమ నీళ్ల గదిలో కుళాయి కింద ముడుచుకుని ఉంది. పొట్ట మీద, నడుం మీద చర్మం ఎర్రగా కాలిపోయింది. రెండుచోట్ల బొబ్బలు. అంత వేడి నీళ్లు, దానికి తెలియడం లేదు.

"అక్కా, తొట్టి వేడి ఇంకొంచెం పెంచవా?" అంది.

"కాలిపోతున్నావే. రేపు ఆసుపత్రి పడవ వస్తుంది. ఎక్కుదువు గాని."

"ఎలా ఎక్కుతానక్కా? సాయంత్రం ఇళ్లన్నీ ఎదురుచూత్తాయి. నేను లాగి ఇవ్వకపోతే ముట్టుకోరు. ముసలోళ్లకి నిద్రపట్టదు." మళ్లీ డోక్కుంది. ఏమీ రాలేదు. "ఈ నీళ్లుంటే చాలు. తగ్గిపోతాది."

మూడు రోజులుగా ఒక గ్లాసు నీళ్లు కూడా నిలవలేదని అత్త చెప్పింది. మూత్రం కూడా సరిగా రావడం లేదట. ఇవన్నీ చెప్పి, "ఇంకో రెండు దమ్ములు పట్టించమంటావా వేణీ?" అని నన్నే అడిగింది. పెళ్లయిన పదకొండేళ్లలో అత్త నన్ను సలహా అడగడం ఇదే మొదటిసారి.

వద్దన్నాను. అయినా నేను వచ్చేశాక పట్టించే ఉంటుంది.

ఆగస్టు 9

ఆసుపత్రి పడవ పదింటికి వచ్చింది. హైమ కదలనంది. కామయ్య గారు కబురు పంపారు, బలవంతం చెయ్యొద్దని.

నా చేతిలో ఉన్నది ఒక్కటే. నా గదిలోంచి పంతొమ్మిదో ఇంటికి వెళ్లే వేడినీళ్లని ఆపే వాల్వు.

దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నీళ్లు ఆపితే కడుపులో మెలి భరించలేదు, పడవ ఎక్కక తప్పదు. అది తెలుసు. కానీ ఇంకోటి కూడా తెలుసు. పదిసార్లైనా ఈ వాల్వు కట్టెయ్యాలనుకున్నాను, అప్పుడు దాని జబ్బు గురించి నాకేమీ తెలియదు. ఇప్పుడు కట్టే చెయ్యి ఏ వీరవేణిది? దాన్ని బతికించాలనుకున్నదా, విలవిల్లాడితే చూడాలనుకున్నదా? ఎంత ఆలోచించినా విడదీయలేకపోయాను. రెండూ ఒకే చేతిలో ఉన్నాయి.

కట్టేశాను. దీపం ఆరింది.

పావుగంటలో అత్త కేకలు లంకంతా వినిపించాయి. "పాపిష్టిదానా! నీళ్లు కట్టేసిందర్రా! దాని ఉసురు తగుల్తాదే నీకు!" జనం నా గది ముందు మూగారు. తలుపుకి గొళ్లెం పెట్టి, వాల్వు పట్టుకుని కూర్చున్నాను. రాయుడు కూడా వచ్చి తలుపు బాదాడు. తియ్యలేదు. కాసేపటికి చప్పుడు సద్దుమణిగింది. కిటికీలోంచి చూశాను. హైమని మంచంతో సహా పడవ వైపు మోసుకెళ్తున్నారు.

గొళ్లెం తీసి నేనూ పరిగెత్తాను. ఎవరో నా మీద ఉమ్మారు. తుడుచుకోవడానికి ఆగలేదు.

ఆగస్టు 10

పడవలోనే ఉన్నాను. ఒడ్డు వైపు వెళ్తున్నాం. హైమ రెండు చేతులకీ సెలైను ఎక్కుతోంది. లంకలో పలక చూడటానికి రాయుడిని పెట్టి వచ్చాను.

నిన్న డాక్టరమ్మ ముందు కూడా అత్త, సముద్రం పడకేనండి అని చెప్పబోయింది. నేను అడ్డం వెళ్లాను. "ఈవిడ వేడినీళ్లలోనే ఉంటుందండి. రోజుకి నాలుగైదు గంటలు. అందులో ఉంటేనే తగ్గుతుంది" అన్నాను.

డాక్టరు రాస్తున్నది ఆపేసింది. "వేడినీళ్లా? ఈ మాట ముందు ఎందుకు చెప్పలేదు?"

"స్నానం చేసిందని కూడా డాక్టరుకి చెప్పాలా అండి?" అంది అత్త.

"గంజాయి ఎంత తీసుకుంటారు?"

అత్త నా వైపు చూసింది. "అది మందండి. మాకు అందరికీ ఇత్తాది. పిల్ల ముందు తాను లాగి..." అని ఆగిపోయింది.

ఈ జబ్బు కొత్తది కాదట. రోజూ, ఏళ్ల తరబడి పీల్చేవాళ్లలో కొందరికి వస్తుందట. ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో చెప్పలేరట. మొదట వాంతి ఆపిన ఆకే తర్వాత ఆపకుండా వాంతి తెప్పిస్తుంది. వేడినీళ్లు తాత్కాలికంగా మరిపిస్తాయి. పూర్తిగా మానెయ్యడం తప్ప వేరే మందు లేదు. "ఒంట్లో ఉప్పులు బాగా పడిపోయాయి. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. ఇంకో రెండు రోజులు ఆ కుళాయి కింద ఉంటే గుండె ఆగిపోయేది" అంది.

హైమ కళ్లు మూసుకునే అంతా వింది. అత్త నా భుజం మీద చెయ్యి వేసింది, మళ్లీ తీసేసుకుంది.

ఆగస్టు 23

హైమని తీసుకుని తిరిగొచ్చాం. మూత్రపిండాలు తేరుకున్నాయి. వాంతులు లేవు. ఎనిమిదో రోజున ఇడ్లీ తిని నిలబెట్టుకుంది. సగం మనిషైంది, అయినా నాకంటే బాగానే ఉంది.

రేవులో లంకంతా నిలబడి ఉంది. సాయంత్రం సభలో హైమే లేచి మాట్లాడింది. "నాకు వచ్చింది సముద్రం వల్ల కాదు. నేను పెంచిన ఆకు వల్లే. మీ అందరికీ మర్యాద చెయ్యాలని మీకంటే నలభై రెట్లు పీల్చాను. కడుపు మెలిపెట్టి వేడినీళ్లలో కూర్చుంటున్నోళ్లు ఇంకా ఎవరైనా ఉంటే దాచుకోకండి" అంది.

నేను ఇరవై రోజుల కింద చెప్పింది ఇదే. అప్పుడు నవ్వారు. ఇప్పుడు ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. "ఎంత ధైర్యవే తల్లీ" అన్నారు. కామయ్య గారు లేచి, మెడ మీద కమిలిన చోటు అందరికీ చూపించి, తప్పైపోయిందన్నారు. నాకు కాదు, హైమకి.

ఇకనుంచి ఇచ్చేవాళ్లు ముందు పీల్చే పద్ధతి లేదు. రోజూ గొట్టం తిరగదు. నొప్పులతో ఉన్న ముసలివాళ్లకి, నిజంగా సముద్రం పడనివాళ్లకి, డాక్టరు రాసిచ్చినంతే. కొందరు గొణిగారు. అప్పలకొండ సభకి రాలేదు. ముప్పై మూడో దీపం ఇవాళ కూడా గంటన్నర వెలిగింది. వెళ్లి అడిగితే, "ఆడోళ్ల ఒళ్లు వేరు, నాకలా కాదు" అన్నాడు. ఆసుపత్రి పడవకి అతని పేరు రాసి పంపాను.

సభ అయ్యాక హైమ చుట్టూ జనం. నా దగ్గరికి ఒకావిడ వచ్చి, నీళ్లు ఇవాళ కొంచెం చల్లగా వస్తున్నాయేంటని అడిగింది.

దాని ప్రాణం నేను నిలబెట్టాను. పేరు మళ్లీ దానికే వచ్చింది. కడుపు మండిపోతోంది, దాచేదేముంది?

ఆగస్టు 26

మధ్యాహ్నం హైమ నా గదికి వచ్చింది. ఈ ఆరేళ్లలో మొదటిసారి. లోపల వేడిగా ఉంటుందని ఎవరూ రారు.

"నాలుగు రోజులైందక్కా నిద్రపట్టి. ఆకు మానితే ఇలాగే ఉంటాదంట కొన్నాళ్లు. చిన్నమాటకే కోపం వత్తంది. పొద్దున అత్తమ్మ మీద గిన్నె విసిరేశాను."

"తగిలిందా?"

"లేదు."

"అయ్యో" అన్నాను. ఆ అయ్యో ఎందుకో ఇద్దరికీ తెలుసు. అది నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

తొట్టి పక్కన కింద కూర్చుంది. కాసేపు పలక చూసింది. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నేను చిక్కిపోయానని అత్తమ్మకి తెలీలేదు. మా ఆయనకి తెలీలేదు. రోజూ నా చేతిలోంచి గొట్టం అందుకున్నోళ్లు ఒక్కళ్లు కూడా నా మొహంలోకి చూడలేదు. అందరూ నన్ను ప్రేమగానే చూసుకున్నారు. మరి నీకెలా తెలిసింది?"

"నా పని అదేగా. పలక ముందు కూర్చోవడం."

"పలక మీద నలభై రెండు దీపాలున్నాయిగా."

అబద్ధం చెప్పొచ్చు. పెద్దకోడలిని కదా, తోడబుట్టిన దానిలా చూసుకున్నానని చెప్పొచ్చు. అది నమ్మేది కూడా.

"నీ దీపమే చూసేదాన్ని" అన్నాను. "పొద్దున లేవగానే నీదే. ఎంతసేపు పోసుకుంటోంది, ఎందుకు పోసుకుంటోంది, ఏం సుఖపడిపోతోంది అని. ప్రేమతో కాదే. కుళ్లుతో."

అది తల తిప్పి పంతొమ్మిదో దీపం వైపు చూసింది. ఎందుకు చెప్పానా అనుకున్నాను.

"ఇప్పుడూ ఉందా ఆ కుళ్లు?"

"మొన్న సభలో నిన్ను చూసి అందరూ ఏడిస్తే ఇంకా పెరిగింది."

తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకుంది. "అయితే మానకు అక్కా" అంది. "నన్ను అంత పట్టి చూసినోళ్లు ఇంకెవరూ లేరు."

అలాగేనన్నాను. చూస్తే, తొట్టి గోడకి ఆనుకుని నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. నాలుగు రోజులుగా రాని నిద్ర దానికి కూర్చున్నచోటే పట్టేసింది. నాకు పరుపు మీద కూడా ఎప్పుడూ అంత హాయిగా పట్టదు.

కుళ్లుకుంటూనే వెళ్లి పంపు చప్పుడు తగ్గించాను.